సూర్యుడు గుడి కడితే తాంబూలాలు ఆపాలా?

ఊరగాయల రోజులు కదా, ఈ వారం జాడీల సంగతి రాద్దామని కూర్చున్నాను. ఇంతలో అనంతపురం జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం చేతికొచ్చింది. ఊరగాయలు వచ్చే వారానికి వాయిదా వేశాను. ఎలాగూ మామిడికాయ ఇంకా ధర దిగలేదు!

ఆవిడ రాసింది క్లుప్తంగా చెబుతాను. పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకోవడానికి మగపెళ్ళివారు రానూ వచ్చారు. పదకొండు గంటలప్పుడు పిల్లలెవరో "సూర్యుడి చుట్టూ సున్నా!" అని అరిచారట. అందరూ వాకిట్లోకొచ్చి చూశారు. సూర్యుడు గుడి కట్టి ఉన్నాడు. పెళ్ళికొడుకు నాయనమ్మగారు "ఇది మంచి శకునం కాదు, ఇంకో రోజు చూసుకుందాం" అనేసరికి, తెచ్చిన చీరా పళ్ళూ తెచ్చినట్టే మళ్ళీ కారెక్కాయి. నెల దాటింది, కబురు లేదు. "వాళ్ళు రాకపోతే పోనీ అక్కయ్యగారూ. మా పిల్ల మాత్రం తన జాతకంలోనే ఏదో ఉందని కుమిలిపోతోంది. అసలా గుడి ఏమిటో, ఎందుకు కడుతుందో మీరు రాస్తే దానికి చదివి వినిపిస్తాను" అని ఆవిడ కోరిక.

అమ్మా, ఆ సంబంధం సంగతి నేను చెప్పలేను. గుడి సంగతి మాత్రం చెప్పగలను.

మనం గుడి అంటాం, కొన్ని వైపుల వరదగుడి అంటారు, పుస్తకాల్లో పరివేషం అని ఉంటుంది. సూర్యుడికీ కడుతుంది, చంద్రుడికీ కడుతుంది. దానికి కావలసిందల్లా ఆకాశంలో చాలా ఎత్తున పల్చటి మబ్బు. నల్లమబ్బు కాదు, దూదిమబ్బూ కాదు. కొత్త వాయిల్ చీర పరిచినట్టు, ఉందా లేదా అన్నట్టుండే తెల్లటి పొర. ఆ పొర ఆరు కిలోమీటర్ల పైనే ఉంటుంది. అందులో నీళ్ళుండవు, మంచు పలుకులుంటాయి. "మా అనంతపురం ఎండల్లో మంచేమిటి?" అనకండి. కింద మనం నలభై డిగ్రీల్లో ఉడికిపోతున్నప్పుడు కూడా, పది కిలోమీటర్ల పైన చలి సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందే ఉంటుంది. వడగళ్ళు పడేది ఎండాకాలంలోనే కదా, అవి ఎక్కడ తయారై వస్తున్నాయి మరి?

ఈ మంచు పలుకులు ఆరు పలకలుగా ఉంటాయి. పిల్లలు రాసుకునే ఆరు పలకల పెన్సిలుంది చూడండి, దాన్ని కంటికి కనబడనంత చిన్నది చేస్తే ఎలా ఉంటుందో అలా. ఎండ ఒక పలకలోంచి దూరి, పక్క పలకని వదిలేసి, ఆ పై పలకలోంచి బయటికొస్తుంది. వచ్చేటప్పుడు వంగుతుంది. కనీసం 22 డిగ్రీలు వంగుతుంది, అంతకు తక్కువ వంగదు. పలుకులు లక్షలకొద్దీ అన్ని వైపులకీ తిరిగి ఉంటాయి గనుక, ఆ 22 డిగ్రీల దగ్గర వెలుగంతా పోగుపడి వలయంలా కనిపిస్తుంది. లోపలి అంచు ఎరుపు. వలయం లోపలి ఆకాశం బయటి ఆకాశం కంటే కాస్త నల్లగా ఉంటుంది. ఈసారి కట్టినప్పుడు చూడండి, చాలామంది వలయాన్ని చూస్తారు గానీ ఈ నలుపుని గమనించరు.

ఇరవై రెండు డిగ్రీలంటే ఎంతో కొలవడానికి స్కేలూ, టేపూ అక్కర్లేదు. చెయ్యి పూర్తిగా చాచి, వేళ్ళు విప్పి జాన పట్టండి. బొటనవేలితో సూర్యుణ్ణి మూసేస్తే చిటికెనవేలి కొస ఇంచుమించు గుడి అంచు మీదికొస్తుంది. పొట్టి చెయ్యి వాళ్ళకి జానా పొట్టిదే గనుక లెక్క అందరికీ దాదాపు సరిపోతుంది. ఈ కొలత ఎప్పుడూ మారదు. ఉదయం కట్టినా, మధ్యాహ్నం కట్టినా, అనంతపురంలో కట్టినా, అమెరికాలో కట్టినా జానెడే.

ఇక శకునం మాట. నాయనమ్మగారిని తేలిగ్గా తీసిపారెయ్యడం నాకిష్టం లేదు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషానికొక అధ్యాయం, ఇంద్రధనుస్సుకొకటి, ప్రతిసూర్యుడికొకటి రాశాడు. ఫలితాలు ఎక్కువగా వానల గురించీ, పంటల గురించీ, రాజుల గెలుపోటముల గురించీ ఉంటాయి. ఆ ఫలితాల్ని ఇవాళ మనం నమ్మక్కర్లేదు గానీ, వాళ్ళు తలెత్తి ఎంత శ్రద్ధగా చూశారో అది మాత్రం మెచ్చుకోవాలి. పెద్దావిడ కూడా చిన్నప్పుడు ఎవరో చెప్పింది విన్నారు, గుర్తుపెట్టుకున్నారు, అంతే.

అయితే ఒక్కటి. గుడి కట్టడం అరుదేమీ కాదు. ఐరోపాలో కనిపెట్టి చూసేవాళ్ళకి సగటున వారానికి రెండుసార్లు కనబడుతుంది. అది చూసి ఆపేస్తే అక్కడ ఒక్క పెళ్ళీ జరగదు! మన దగ్గర 2021 మే 24న బెంగుళూరులో, జూన్ 2న హైదరాబాద్‌లో సూర్యుడు చక్కటి గుడి కట్టాడు. కరోనా రోజులు, జనమంతా ఇళ్ళల్లోనే ఉన్నారు. డాబాలెక్కి, సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసి ఒకరికొకరు పంపుకున్నారు. ఆ గుడి రెండు మహానగరాల మీద కట్టింది. అంతమందిలో ఎవరి జాతకాన్ని పట్టుకోవాలి?

ఇంకో విషయం చెబితే మీ అమ్మాయి నవ్వుతుంది. ఆ రోజు వాకిట్లో నిలబడ్డవాళ్ళందరూ చూసింది ఒకే గుడి కాదు. ఎవరి కంటికి ఏ పలుకుల్లోంచి వెలుగు సరిగ్గా వంగి వచ్చిందో, ఆ పలుకులే వారి గుడి. పక్కన నిలబడ్డావిడకి వేరే పలుకులు. అంటే నాయనమ్మగారు చూసిన గుడి నాయనమ్మగారిదే. మీ అమ్మాయికి దానితో ఏ సంబంధమూ లేదు!

హరివిల్లూ అంతే. సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే మీ తల నీడ ఎక్కడ పడుతుందో అదే హరివిల్లుకి నడిమధ్య. అక్కడి నుంచి 42 డిగ్రీలు, అంటే సుమారు రెండు జానల దూరంలో విల్లు వంగుతుంది. మీరు నడిస్తే అదీ నడుస్తుంది. అందుకే ఎవరూ దాని కిందికి వెళ్ళలేరు. పొద్దు బాగా ఎక్కితే ఈ లెక్కన విల్లు నేలలోకి దిగిపోతుంది కాబట్టి, మిట్టమధ్యాహ్నం వాన పడి ఎండ వచ్చినా ఆకాశంలో వెతకనక్కర్లేదు. సుమారుగా పొద్దున తొమ్మిది లోపు పడమర వైపు, సాయంత్రం మూడు దాటాక తూర్పు వైపు చూడండి. పైన రెండో విల్లు కూడా ఉంటే రంగుల వరస తలకిందులై కనబడుతుంది, రెంటికీ మధ్య ఆకాశం కాస్త నల్లగా ఉంటుంది. మొక్కలకి నీళ్ళు పట్టేటప్పుడు పైపు మూతిని వేలితో నొక్కి తుంపరలు చేస్తే పెరట్లోనే వస్తుంది. డాబా మీద నుంచి కిందికి చిమ్మితే మధ్యాహ్నం కూడా వస్తుంది, తల నీడ చుట్టూ చూడాలంతే. వేసవి సెలవుల్లో పిల్లలు "బోర్" అన్నప్పుడు చూపించండి. ఒక బకెట్ నీళ్ళతో సాయంత్రం గడిచిపోతుంది, వాళ్ళ స్నానాలూ అయిపోతాయి.

గుడికీ వానకీ ఉన్న లంకె గురించి అడగనివాళ్ళుండరు. "దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన" అని మన పెద్దలు అంటూనే ఉంటారు. ఇందులో గమ్మత్తేమిటంటే, సామెతలో ఉన్నవి రెండు రకాల గుడులు. దూరపు గుడి అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న జానెడు గుడి, మంచు పలుకులది. దగ్గర గుడి చంద్రుణ్ణి అంటిపెట్టుకుని ఉంటుంది. రెండు మూడు వేళ్ళ వెడల్పు, మధ్యలో నీలం కలిసిన తెలుపు, అంచున గోధుమ ఎరుపు. ఇది మంచుది కాదు, సన్నటి నీటి బిందువులది. పల్చటి మబ్బు చంద్రుడి ముందు నుంచి వెళ్తుంటే వచ్చిపోతూ ఉంటుంది. దీని కొలత నిలకడగా ఉండదు. బిందువులు సన్నవైతే గుడి పెద్దది, బిందువులు లావైతే గుడి చిన్నది. చలికాలంలో అద్దం మీద ఊపిరి ఊది, దానిలోంచి దూరంగా ఉన్న వీధిదీపాన్ని చూడండి. అదే గుడి, కాస్త మొరటుగా, మీ కిటికీలోనే కడుతుంది.

మరి వానో? జానెడు గుడి కట్టే మబ్బుపొర చాలాసార్లు పెద్ద మబ్బుల గుంపుకి ముందుగా వచ్చే చెంగు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దాని పైనుంచి ఈ పొర వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది. అసలు మబ్బు వెనకాల వస్తూ ఉంటుంది. అలాంటప్పుడు దూరపు గుడికి దగ్గర వాన నిజమే. కానీ ఎండాకాలంలో ఎక్కడో వేరే జిల్లాలో ఉరుములు ఉరిమి, ఆ మబ్బు తల చెదిరి మన మీదికి కొట్టుకొస్తే కూడా గుడి కడుతుంది. అప్పుడు చుక్క కూడా రాలదు. కాబట్టి సామెతని నమ్మి వడియాలు ఎత్తెయ్యకండి, నమ్మకుండా రాత్రంతా డాబా మీద వదిలెయ్యనూ వద్దు!

సూర్యుడు కిందికి దిగినప్పుడు, పొద్దున్నో సాయంత్రమో, అతనికి అటూ ఇటూ జానెడు దూరంలో, అదే ఎత్తులో, రంగు మచ్చల్లాంటివి రెండు మెరుస్తుంటాయి. ఒక్కోసారి ఒకటే ఉంటుంది. వరాహమిహిరుడు ప్రతిసూర్యుడన్నది వీటినే. ఇవి పెన్సిలు లాంటి పలుకుల పని కాదు, బిళ్ళల్లాంటి పలుకులది. గాలిలో వదిలిన విస్తరాకు బల్లపరుపుగా ఊగుతూ దిగినట్టు అవి దిగుతాయి. అందుకని వెలుగు పక్కలకే వంగుతుంది. మూడు సూర్యుళ్ళు పొడిచారని కంగారు పడేది ఇక్కడే.

వీటన్నిటికీ మబ్బు రావాలి, వాన పడాలి. ఏ మబ్బూ లేని సాయంత్రం కూడా కనబడేది ఒకటుంది. నాకు అన్నిటికంటే అదే ఇష్టం. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి డాబా ఎక్కుతారు కదా. పొద్దు కుంకింది. అందరూ పడమర ఎరుపు చూస్తారు. మీరు దానికి వీపు పెట్టి తూర్పుకి తిరగండి. దిక్కు అంచున నేలని ఆనుకుని బూడిద కలిసిన నీలం చార ఒకటి, దాని మీద గులాబీ రంగు చార ఒకటి కనిపిస్తాయి. ఆ నీలం చార ఏమిటో తెలుసా? మనం నిలబడ్డ ఈ భూమి నీడ! పడమట దిగిపోయిన సూర్యుడు వెనక నుంచి వెలుగు వేస్తుంటే, భూమి నీడ ఎదురుగా గాలి మీద పడుతుంది. సూర్యుడు దిగినకొద్దీ నీడ లేస్తుంది. గులాబీ చార పైకి జరిగి జరిగి, పావుగంటలో చీకట్లో కలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే రాత్రంటే మరేం కాదు, మనం ఆ నీడలోకి వెళ్ళడమే. చెట్లూ మేడలూ అడ్డం లేకుండా తూర్పు దిక్కు కనబడాలి, దుమ్ము తక్కువుండాలి. వాన వెలిసిన మర్నాడైతే బాగుంటుంది. విశాఖపట్నం, బాపట్ల, మచిలీపట్నం వెళ్ళినప్పుడు "మన సముద్రంలో సూర్యాస్తమయం కనబడదు" అని పెదవి విరుస్తారు గానీ, భూమి నీడ సముద్రం మీంచి లేవడం చూడాలంటే మన తీరమే తీరం. అరేబియా సముద్రం వాళ్ళకి సాయంత్రప్పూట ఆ భాగ్యం లేదు.

విశాఖ అంటే గుర్తొచ్చింది. సి.వి. రామన్ గారి చిన్నతనం చదువు అక్కడే, వాళ్ళ నాన్నగారు అక్కడి కాలేజీలో లెక్చరరు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలం చూసి "ఇది ఆకాశం నీడేనా, నీళ్ళదే రంగా?" అని ఆయన పట్టుకున్న ప్రశ్న ఆయన్ని 1930 నోబెల్ బహుమతి దాకా తీసుకెళ్ళింది.

ఆకాశం నీలంగా ఎందుకుందో లెక్క కట్టి చెప్పిన ఇంగ్లీషు శాస్త్రవేత్త లార్డ్ రేలీ. ఆయనకి 1891 జనవరిలో జర్మనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు ఆగ్నెస్ పాకెల్స్. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకి యూనివర్సిటీ చదువు లేదు. పెళ్ళి చేసుకోలేదు, జబ్బుపడ్డ తల్లిదండ్రుల్ని చూసుకుంటూ ఇంటిపని చేసుకునేది. తమ్ముడు తెచ్చిచ్చే పుస్తకాలే ఆవిడ కాలేజీ. గిన్నెలు తోమే నీళ్ళ మీద జిడ్డు ఎలా పరుచుకుంటుందో పద్దెనిమిదేళ్ళ వయసు నుంచీ చూసి, రేకు తొట్టిలో కొలిచి, ఆ లెక్కలన్నీ ఉత్తరంలో రాసింది. రేలీగారు దాన్ని పక్కన పడెయ్యలేదు. నేచర్ అనే పేరున్న పత్రికకి పంపించి, ఆ మార్చిలోనే అచ్చు వేయించాడు. ఇది ఆకాశం కథ కాదు, జిడ్డునీళ్ళ కథ. అయినా ఎందుకు చెప్పానంటే, "ఇవన్నీ మనకెందుకండీ, సైంటిస్టులు చూసుకుంటారు" అనే మాట నాకు ఉత్తరాల్లో తరచుగా వస్తుంది.

ఆకాశం విషయంలోనూ సైంటిస్టులకి కనబడనివి మామూలు వాళ్ళకి కనబడ్డాయి. 1995లో ఫిన్లండ్‌లో జార్మో మొయిలానెన్ అనే ఔత్సాహికుడు సూర్యుడి పైన ఒక కొత్త రకం వంపు ఫోటో తీశాడు. దానికి ఇప్పుడు ఆయన పేరే. హరివిల్లుకి మూడో విల్లు ఉండాలని లెక్కలు చెబుతున్నా, అది సూర్యుడి వైపే ఉంటుంది గనుక ఆ వెలుగులో కనబడదు. 250 ఏళ్ళలో నమ్మదగ్గట్టు చూశామన్నవాళ్ళు అయిదుగురే. 2011 మేలో జర్మనీలో మైకేల్ గ్రాస్‌మన్ అనే ఔత్సాహికుడు దాన్ని మొదటిసారి ఫోటో తీశాడు. నెల తిరక్కుండా అదే దేశంలో ఇంకొకాయన నాలుగో విల్లుని కూడా పట్టాడు. జర్మనీ, ఫిన్లండ్‌లలో ఇలాంటి వాళ్ళు బృందాలుగా చేరి, ఎవరెప్పుడు ఏం చూశారో పద్దు రాసుకుంటారు. మంచు దేశాల పద్దులు అలా దొరుకుతాయి. మన ఎండలది ఎవరు రాయాలి? ఆఫీసుల్లో ఫ్యాను కింద కూర్చునేవాళ్ళా, రోజుకి నాలుగుసార్లు డాబా ఎక్కి దిగేవాళ్ళా?

కళ్ళ సంగతి గట్టిగా చెప్పాలి. సూర్యుణ్ణి సూటిగా చూడకూడదు, అర నిమిషం కూడా. నొప్పి తెలియకుండానే కంటి లోపలి పొర కాలిపోతుంది. కూలింగ్ గ్లాసులూ, పాత ఎక్స్‌రే ఫిల్ములూ పనికిరావు. పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో చూస్తే ఫరవాలేదనుకుంటారు, అదీ తప్పే. నెత్తి మీది సూర్యుడి వెలుగులో నీళ్ళు తిప్పికొట్టేది వందకి రెండు వంతులే అయినా, ఆ రెండు వంతులే కంటికి చాలా ఎక్కువ. గుడి చూడాలంటే వాటర్ ట్యాంకు నీడలోనో, కరెంటు స్తంభం నీడలోనో నిలబడి సూర్యుణ్ణి పూర్తిగా చాటు చేసుకోండి. చుట్టూ ఉన్న వలయం హాయిగా కనబడుతుంది. ఫోటో కూడా అలా తీస్తేనే బాగా వస్తుంది. పిల్లలకి ముందు చాటు చూపించి, తర్వాత గుడి చూపించండి. చంద్రుడితో ఈ బాధ లేదు. పౌర్ణమికి అటు నాలుగు రోజులు, ఇటు నాలుగు రోజులు పడుకునే ముందు ఒక్కసారి తలెత్తితే చాలు.

అమెరికాలో కూతురి పురిటికో, కోడలి పురిటికో వెళ్ళే తల్లులకి ఒక మాట. విమానంలో కిటికీ సీటు దొరికితే, సూర్యుడు ఏ వైపుంటే దానికి ఎదురు వైపు కూర్చోండి. కింద మబ్బుల మీద విమానం నీడ పడే చోట చూడండి. దాని చుట్టూ చిన్న చిన్న రంగుల వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి, మీతోపాటే పరిగెత్తుతుంటాయి. వలయాల మధ్య బిందువు సరిగ్గా మీ సీటు నీడ పడే చోటే ఉంటుంది. వెనక సీటావిడకి ఆవిడ సీటు దగ్గరే. ఇరవై గంటల ప్రయాణంలో కాస్త కాలక్షేపం.

పద్దు రాయడం కష్టమేం కాదు. పాల లెక్క రాసుకునే క్యాలెండరు చాలు. గుడి కట్టిన రోజున తారీకు గడిలో చిన్న సున్నా చుట్టండి. సూర్యుడికైతే "సూ", చంద్రుడికైతే "చం". జానెడుదా, వేళ్ళ వెడల్పుదా. పూర్తి వలయమా, సగమా. టైమెంత. తర్వాత రెండు రోజుల్లో వాన పడితే ఒక చుక్క పెట్టండి, పడకపోతే వదిలెయ్యండి. ఆ రోజు ఇంట్లో ఏం మంచి జరిగిందో, ఏం చెడు జరిగిందో కూడా పక్కన రాసుకుంటే మరీ మంచిది. ఏడాది చివర శకునం లెక్క ఎవరికి వాళ్ళే తేల్చుకోవచ్చు. అనంతపురం అమ్మాయిని ఈ పద్దు మొదలుపెట్టమని ప్రత్యేకంగా అడుగుతున్నాను, డాబా మీదికి ఎలాగూ వెళ్తుంది కదా.

మిగతా మీరంతా కూడా మూడు నెలలు రాసి పంపండి. ఏ జిల్లాలో ఎన్ని గుడులు, ఎన్ని వానలు, పక్కపక్కన పెట్టి ఈ పేజీలోనే వేద్దాం. ఊరి పేరు, తారీకు, టైము తప్పకుండా రాయాలి. వచ్చే వారం జాడీలు.